మాటల అంగడి: ఎనుము తప్పు, గేదె రైటా?

ఈ నెల ఉత్తరాలు, వాట్సాప్ మెసేజులు కలిపి బాగానే వచ్చినాయి. చాలామంది అడిగింది తిరిగి తిరిగి నిఘంటువుల దగ్గరికే వచ్చింది, అందుకే ఈసారి అంగడి మొత్తం వాటితోనే పెట్టినా. కొన్ని ప్రశ్నలు కురచ చేసినా గానీ అర్థం మార్చలేదు. ముప్పై ఏండ్లు కడపలో ప్రెస్సులో ప్రూఫులు దిద్దినోన్ని, ఆ మాత్రం జాగ్రత్త ఉంది లెండి.

కదిరి దగ్గర పల్లె నుంచి ఒక తండ్రి: మావాడు ఐదో తరగతి సార్. నచ్చిన జంతువు గురించి రాయమంటే "మా ఇంట్లో రెండు ఎనుములు ఉండాయి" అని మొదలుపెట్టినాడు. టీచరు ఎనుములు కొట్టేసి పైన ఎర్ర ఇంకుతో గేదెలు అని రాసి మార్కు తగ్గించినారు. వాడు ఇంటికొచ్చి "నాయనా, మనది ఎనుము కాదంట, గేదెంట" అంటాడు. ఎనుము అనే మాట డిక్షనరీలో లేదా?

ఉంది అన్నా, బ్రహ్మాండంగా ఉంది. బహుజనపల్లి సీతారామాచార్యులు గారి శబ్దరత్నాకరం 1885 నాటిది, అందులో ఉంది. దానికి ముప్పై ఏండ్ల ముందు బ్రౌన్ దొర అచ్చు వేయించిన దాంట్లోనూ ఉంది. అంతేకాదు, మీరు హిందూపురం దాటి కన్నడ ఊర్లలోకి పోతే అక్కడ ఎమ్మె అంటారు, తమిళం వాళ్ళు ఎరుమై అంటారు, మనం ఎనుము అంటాం, ఈ మూడూ ఒకే తల్లి పిల్లలు. బర్రో, ఎమెనో అని ఇద్దరు పండితులు 1961లో ద్రావిడ భాషల మాటలన్నీ చుట్టరికాల ప్రకారం ఒకచోట చేర్చి పెద్ద నిఘంటువు తెచ్చినారు, దాంట్లో ఇవన్నీ ఒకే పద్దు కింద కూర్చున్నాయి. అంటే మీవాడు రాసింది మొన్న పుట్టిన పల్లెటూరి మాట కాదు, తెలుగు, తమిళం, కన్నడం వేరు కాపురాలు పెట్టకముందు నుంచీ ఉన్న మాట.

మరి గేదె ఎట్లా రైటయింది అంటే, పాఠ్యపుస్తకాలు, పత్రికలు, సినిమాలు ఎక్కువగా కోస్తా వాళ్ళ చేతుల మీదుగా వచ్చినాయి, వాళ్ళ ఇంట్లో గేదె, కాబట్టి అచ్చులో గేదె. అవతల తెలంగాణ పిల్లోడు బర్రె అని రాసి వాడూ మార్కు పోగొట్టుకుంటా ఉంటాడు. గేదె తప్పు మాట అనడంలే నేను, అదీ మంచి మాటే. దాని పక్కన ఇంకో మాట ఉంటే కొట్టేయాల్సిన అవసరం ఏముంది అనేదే నా బాధ.

అట్లని టీచర్ని తిట్టడానికి నాకు మొహం లేదు. నేనూ అదే పని చేసినా. కొత్తగా ప్రెస్సులో చేరిన రోజుల్లో ఒక రైతు తన సేద్యం అనుభవాలు చిన్న పుస్తకంగా వేసుకోవాలని వచ్చినాడు. ఆయన రాసిన మడక అనే మాటంతా నేను నాగలి చేసి పెట్టినా, నలభై చోట్ల ఉండొచ్చు, పెద్ద ఉపకారం చేసినా అనుకున్యా. ప్రూఫు చూసుకోడానికి వచ్చి, కండ్లద్దాలు నుదిటి మీదికి తోసి, "సామీ, మా చేన్లో నాగలి లేదే, ఇది ఎవురిది?" అన్నాడు. మళ్ళీ నలభై చోట్లా మడక చేసినా, కంపోజిటరు నన్ను ఆ వారమంతా తిట్టుకున్నాడు.

మీవాడికి ఒక ఉపాయం. ఈసారి "మా ఇంట్లో రెండు ఎనుములు ఉండాయి, వీటినే కొన్ని ఊర్లలో గేదెలు అంటారు" అని రాయమనండి. కొట్టేయాలంటే రెండూ కొట్టేయాల్సి వస్తుంది. ఇంకో సంగతి గమనించినారా, టీచరు ఎనుము కొట్టేసినారు గానీ పక్కనే ఉన్న "ఉండాయి" జోలికి పోలేదు. పుస్తకం ప్రకారం అది "ఉన్నాయి" కావాల. ఆయమ్మ కూడా ఇంట్లో ఉండాయి అనే అంటాదని నా అనుమానం.

ఆదోని నుంచి డిగ్రీ అబ్బాయి: సార్ మీరు నిఘంటువు చూడండి చూడండి అంటారు, చూస్తే ఏమీ దొరకదు. "వస్తాండాడు" వెతికినా లేదు. "పుస్తకం" కూడా లేదు, ఇంత పెద్ద డిక్షనరీలో పుస్తకం లేకపోవడం ఏంది? "చెరువు" కూడా కనపడలే. పుస్తకంలో తప్పా, నాలో తప్పా?

ఇద్దరిదీ కాదబ్బీ. పాత నిఘంటువు మనల్ని ముందు దారి తెలుసుకుని రమ్మంటుంది, ఆ దారి మనకు బడిలో ఎవురూ చెప్పరు. పుస్తకం అని వెతకొద్దు, పుస్తకము అని వెతుకు. పాత నిఘంటువుల్లో ఇట్లాంటివన్నీ ము తోనే ఉంటాయి, చివర సున్న మనం మాట్లాడేటప్పుడు వచ్చేది. క్రియ అయితే అది చేసేవాన్ని, కాలాన్ని ఊడగొట్టి చివర ఉ పెట్టు. వస్తాండాడు అనేది వచ్చు కింద ఉంటుంది, పోతాండ్య అనేది పోవు కింద, చేసినాము అనేది చేయు కింద. కన్నడం, తమిళం వాళ్ళకూ ఇదే తంటా. ఇంగ్లీషులో మాట చివర అంత బారు తోకలు ఉండవు కాబట్టి ఆ అలవాటుతో వచ్చినోళ్ళకు మన నిఘంటువు తలకిందులుగా కనపడుతుంది.

చెరువు సంగతి వేరే. దాంట్లో ఉండేది మామూలు ర కాదు, బండి ఱ. చెఱువు, గుఱ్ఱము, ఎఱుపు ఇట్లా రాస్తారు పాత పుస్తకాల్లో. ఇప్పుడు మనం రెండిట్నీ ఒకే మాదిరి పలుకుతాం, రాసేదీ ఒకటే, కానీ 1885లో శబ్దరత్నాకరం రాసినాయన దగ్గర అవి రెండు వేరు వేరు అక్షరాలు. అరసున్న కూడా అంతే, వాఁడు, తోఁక అని మధ్యలో సగం చంద్రవంక లాంటిది కనపడితే భయపడొద్దు, దాన్ని లేనట్టే చదువుకో, ఒకప్పుడు అక్కడ ముక్కుతో పలికే శబ్దం ఉండేదని దాని గుర్తు.

మన సీమ నోటికి ఇంకో అలవాటుంది, ఎ తో మొదలయ్యేది యె చేస్తాం, ఒ తో మొదలయ్యేది వొ చేస్తాం. యెద్దు ఎద్దులో దొరుకుతుంది, వొడ్డు ఒడ్డులో దొరుకుతుంది. సమాసంలో దాక్కున్న మాటలు ఇంకా కష్టం. కూరగాయలో గాయ అని వెతికితే దెబ్బ దొరుకుతుంది, వెతకాల్సింది కాయ. తల్లిదండ్రుల్లో దండ్రి లేడు, తండ్రి ఉన్నాడు. క, చ, ట, త, ప లు గ, స, డ, ద, వ లు అయిపోతాయి, దీన్నే గసడదవాదేశం అంటారు, పరీక్షకు బట్టీ పట్టి ఉంటావు కదా, ఇదిగో దాని ఉపయోగం ఇక్కడ.

మాట పక్కన దే. వి. అని ఉంటే దేశ్యం, విశేష్యం అని అర్థం, అంటే అచ్చ తెలుగు నామవాచకం. సం. అంటే సంస్కృతం. స. క్రి., అ. క్రి. అంటే సకర్మక, అకర్మక క్రియలు. పుస్తకం మొదట్లో సంకేతాల పట్టిక ఉంటుంది, దాన్ని జిరాక్సు తీసి అట్ట లోపల అంటించుకో. నేను అట్లాగే చేసినా, ఆ కాగితం చిరిగిపోయే లోపల నాకు పట్టిక నోటికి వచ్చేసింది.

ప్రొద్దుటూరు నుంచి ఒక కొత్త పెండ్లికొడుకు: అన్నా మాది ప్రొద్దుటూరు, ఆమెది విజయవాడ పక్క. అనపకాయలు తెమ్మని చెప్తే మార్కెట్టుకు పోయి ఇంత పొడుగు సొరకాయ తెచ్చింది. "మీరే కదా ఆనపకాయ తెమ్మన్నారు" అంటుంది. ఎవురు రైటో మీ పత్రికలో వేయండి, ఇంట్లో అతికించాల.

అతికించొద్దు నాయనా, ఓడిపోతావు. ఇద్దరూ రైటే. ఆ పక్క ఆనపకాయ అంటే సొరకాయే, మొదటి అక్షరం దీర్ఘం. మన పక్క అనపకాయ హ్రస్వం, చిక్కుడు జాతి కాయ, గింజలు వలిచి నానబెట్టి పొట్టు పితికి చేస్తే పితికిపప్పు. చలికాలంలో సంగటి ముద్దలోకి ఆ పితికిపప్పు పులుసు పెడితే... సరే, ఇది వంటల శీర్షిక కాదు. ఒక్క దీర్ఘం తేడాలో కూర మారిపోయింది. నువ్వు గట్టిగా పలికి ఉంటావు, ఆమె దీర్ఘంగా విని ఉంటుంది. ఇంకా ముందు ముందు ఎర్రగడ్డ (ఉల్లిపాయ), ఉర్లగడ్డ (బంగాళాదుంప), టెంకాయ అన్నీ వస్తాయి, ఎర్రగడ్డ అడిగి బీట్రూటు తెప్పించుకోకముందే ఒక కాగితం మీద ఇద్దరూ రాసుకోండి. అది మీ ఇంటి నిఘంటువు. దాన్ని కావాలంటే అతికించు.

కడప నుంచి రిటైర్డ్ ఉద్యోగి: బ్రౌన్ దొర తన నిఘంటువు కడపలోనే రాసినాడని మా మనవడికి చెప్తే, కాదు మద్రాసులో అంటాడు. ఫోన్లో చూసి చెప్తాడు వాడు. మన ఊరి పరువు సంగతి, మీరు చెప్పండి.

అయ్యా, పరువుకేం ఢోకా లేదు గానీ మనవడు చెప్పింది కూడా సగం నిజమే. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పుట్టింది 1798లో కలకత్తాలో. కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) ఉద్యోగానికి 1817లో మద్రాసు వచ్చి, 1820లో కడప కలెక్టరు కింద పనికి వచ్చినాడు. అప్పటికి ఆయనకు ఇరవై దాటి ఒకటి రెండేండ్లే, వచ్చిన తెలుగు అంతంత మాత్రం. తర్వాత కడపలో బంగ్లా కొని, పండితుల్ని పెట్టుకుని, సొంత డబ్బు జీతాలిచ్చి తాటాకు ప్రతులు తెప్పించడం, నకళ్ళు రాయించడం, తప్పులు దిద్దించడం చేయించినాడు. ఆ పనంతా చూసుకునింది అయోధ్యాపురం కృష్ణారెడ్డి. జనం ఆ ఇంటిని బ్రౌన్ కాలేజీ అనేవాళ్ళు. 1829లో వేమన పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చయింది కూడా బ్రౌన్ చేతనే. నిఘంటువు అచ్చయింది మాత్రం మద్రాసులో, 1852 ప్రాంతంలో. అచ్చు అక్కడ, విత్తనం ఇక్కడ అని చెప్పండి మనవడికి.

ఇంకో చిన్న తిరకాసు. మనలో చాలామంది దగ్గర ఉండే బ్రౌన్ నిఘంటువు బ్రౌన్ చేతిలోంచి వచ్చినట్టే లేదు. 1903లో వెంకటరత్నం, క్యాంప్‌బెల్, వీరేశలింగం గార్లు దాన్ని సవరించి రెండో కూర్పు తెచ్చినారు, రీప్రింట్లు ఎక్కువగా దానివే. కాబట్టి "బ్రౌన్ ఇట్లా అన్నాడు" అని ఎవురైనా బల్ల గుద్దితే, ఏ కూర్పులో అని అడగండి. గుద్దిన చెయ్యి కొంచెం మెత్తబడుతుంది.

నాకు బ్రౌన్‌లో నచ్చేది పెద్ద నిఘంటువు కంటే పక్కన చేసిన చిన్న పనులు. కోర్టులో కూర్చున్న మనిషి ఆయన. వచ్చే రైతు, సాక్షి, కరణం మాట్లాడేది కావ్యాల తెలుగు కాదు కదా. దావా, రుజువు, హాజరు, జప్తు, దస్తావేజు, వకాలతు, కచేరీ, అన్నీ పారసీ, అరబ్బీ, హిందుస్తానీ నుంచి దిగిన మాటలే. పద్యాలు చదివే పండితులకు అవి మాటల కిందే లెక్క కాదు. బ్రౌన్ వాటికోసం ప్రత్యేకంగా జిల్లా నిఘంటువు అని ఒకటి, మిశ్రభాషా నిఘంటువు అని ఇంకొకటి వేసినాడు. ఆ మాటలు తెలియకపోతే ఎదురుగా నిలబడినోడు ఏడుస్తున్నాడో, అబద్ధం చెప్తున్నాడో తెలియదు, తీర్పు ఎట్లా ఇస్తాడు? తర్వాత వచ్చిన సూర్యరాయాంధ్ర నిఘంటువు ఎనిమిది సంపుటాలు, చాలా గొప్ప పని, నేను కాదనను. కానీ అది ఎక్కువగా కావ్యాల్లో ప్రయోగం ఉందా లేదా అని చూసి మాటను లోపలికి రానిచ్చింది. దానికి పెద్దదిక్కుగా ఉన్న జయంతి రామయ్య పంతులు గారు గ్రాంథికవాది, అంటే రాసేది పాత కావ్యాల భాషలోనే ఉండాలనే మనిషి. అందుకే గిడుగు రామమూర్తి గారు దాన్ని గట్టిగా విమర్శించినారు. ఈ రగడలో నేను గిడుగు పక్కే, మడక దెబ్బ తగిలినప్పటి నుంచి.

మనవణ్ణి ఒకసారి ఎర్రముక్కపల్లిలో ఉన్న బ్రౌన్ గ్రంథాలయానికి తీసుకపోండి. బ్రౌన్ ఉన్న బంగ్లా జాగాలోనే కట్టినారు, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఊరూరా తిరిగి చందాలు పోగుచేసి నిలబెట్టినారు, ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయం కింద ఉంది. అక్కడ చల్లగా ఉంటుంది, ఫోన్ కాసేపు జేబులో పెట్టుకుంటాడు.

కర్నూలు నుంచి ఒక చెల్లెలు: మా ఊరి అసలు పేరు కందనవోలు, బండి చక్రాలకు పూసే కందెన నుంచి వచ్చింది అంటారు. ఇది నిజమా లేక ఊరికే కట్టిన కథా?

అమ్మా, కథ ఇట్లా చెప్తారు. అవతల ఒడ్డున అలంపురం గుడికి రాళ్ళు తోలే బండ్లు తుంగభద్ర దాటేముందు ఇక్కడ ఆగి చక్రాలకు కందెన పూసుకునేవంట, అందుకని కందెనవోలు. కథకు సాక్షులు ఎవురూ బతికి లేరు గానీ, ఆ పేరులో వోలు అనే ముక్క మాత్రం నిక్కమైంది. ప్రోలు అంటే ఊరు, పట్టణం. అది ఇంకో మాట వెనక చేరినప్పుడు ప కాస్తా వ అయి వోలు అవుతుంది. నిడదవోలులో ఉండే వోలు కూడా అదే. పైన ఆదోని పిల్లోడికి గసడదవాలు చెప్పినా చూడు, అదే ఇది. పరీక్షలో వచ్చే సూత్రం మీ ఊరి బస్టాండు బోర్డు మీద ఉంది.

నాకు మాత్రం ఆ పేరు కంటే కందెన అనే మాట మీద ప్రేమ ఎక్కువ. మా తాత బండికి ఒక వెదురు గొట్టం వేలాడతా ఉండేది, దాంట్లో ఆముదం, కాల్చిన గడ్డి మసి కలిపిన నల్లటి జిడ్డు. దాంట్లో ఒక పుల్ల. నేను చిన్నప్పుడు దాన్ని కాటుక అనుకుని చెల్లెలి కండ్లకు పెట్టబోయి చెంపదెబ్బ తిన్యా. ఇప్పుడు మెకానిక్కు షెడ్డులో అందరూ గ్రీజు అంటారు, అంటే అననీ. కానీ కందెన అంటే ఏందో తెలియని పిల్లోడికి ఈ కథ చెప్తే ముందు కందెనకు అర్థం చెప్పాల, తర్వాత బండికి అర్థం చెప్పాల.

మడకశిర నుంచి: మా పక్కింటి కన్నడం ఆమె మల్లెపూల దండ చూసి "ఏం కంపు" అనింది. మా అమ్మ రెండు రోజులు ఆమెతో మాట్లాడలే.

మాట్లాడమనండి, ఆమె పొగిడింది. కన్నడంలో కంపు అంటే సువాసనే. మన పాత తెలుగులోనూ కంపుకు వాసన అనే అర్థం ఉండేది, నిఘంటువు తీస్తే మంచీ చెడ్డా రెండూ కనపడతాయి. మన దగ్గర అది పోనుపోను మురిక్కాలవ దగ్గర స్థిరపడింది, వాళ్ళ దగ్గర పూలమ్మే అంగట్లో ఉండిపోయింది. వాసన అనే మాటకూ ఇప్పుడు అదే గతి పట్టేటట్టుంది, "కూర వాసన వస్తాంది" అంటే పారబోయమనే కదా అర్థం. ఇంకో విషయం, ఆమె "ఊటకు రండి" అని పిలిస్తే బిందె తీసుకుని బయల్దేరొద్దు. అన్నానికి పిలుస్తాంది.

అనంతపురం నుంచి, పేరు రాయలేదు: నిఘంటువుల్లో బూతులు ఉంటాయా?

బ్రౌన్‌లో ఉంటాయి. ఏ పేజీలో అని మాత్రం అడగొద్దు, మీరే వెతకండి. వెతికేటప్పుడు దారిలో పది మంచి మాటలు తగులుతాయి. అట్లనే నేను చదవడం మొదలుపెట్టినా.

పులివెందుల నుంచి ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి: ఫోన్లో ఏ మాటకైనా అర్థం క్షణంలో వస్తుంది కదా సార్, ఇంకా లావు పుస్తకాలు ఎవురు మోస్తారు?

ఎవురూ మోయక్కర్లే బాబూ, నేనే మోయలేకపోతున్నా, నడుం నొప్పి. ఆంధ్రభారతి వెబ్‌సైటులో బ్రౌన్, శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్రం, ఇంకా చాలా నిఘంటువులు ఒకేచోట వెతకొచ్చు, నేను రోజూ అదే చూస్తా. ఒక్క మాట కొడితే ఎవురెవురు ఏం రాసినారో వరుసగా వస్తుంది, ఒకరు చెప్పింది ఇంకొకరు కాదన్న చోట మహా సరదాగా ఉంటుంది. నేను భయపడేది ఒక్క అర్థం చూపించి ఊరుకునే వాటితోనే.

మన వంక సంగతే తీసుకో. వంకర తిరిగి పారేది కాబట్టి మన పక్క చిన్న ఏరును వంక అంటాం. "వంకలు పెట్టొద్దు" అంటే తప్పులు ఎంచొద్దు అని, "ఏదో వంకతో వచ్చినాడు" అంటే సాకు. "ఆ వంక చూడు" అంటే ఆ దిక్కు. ఆకాశంలో నెలవంక. ఒక్క వంపులోంచి ఏరు, సాకు, దిక్కు, చంద్రుడు అన్నీ వచ్చినాయి. మా అల్లుడొకడు హైదరాబాదులో పుట్టి పెరిగినాడు, వాన పడినప్పుడు మా అక్క ఫోన్ చేసి "వంక వచ్చింది, రాత్రికి రాలేము" అంటే, "ఏం వంక వచ్చింది అత్తా, నిజం చెప్పు" అన్నాడు. మా అక్కకు ఇప్పటికీ కోపమే.

పాతకాలంలో నిఘంటువు మోసేది కూడా కాదు, నోటికి వచ్చేది. సంస్కృతం మాటల అమరకోశం మొత్తం శ్లోకాలే, మూడు కాండలు, పిల్లోడు అర్థం తెలియకముందే కంఠతా పట్టేవాడు. తెలుగు మాటలకు పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం రాసినాడు, అదీ పద్యాల్లోనే. అకారాది క్రమంలో వెతుక్కోవడం మనకు తర్వాత బాగా అలవాటైన పని. కాబట్టి నీ ఫోన్ మీద నాకేం కోపం లేదు, తలకాయలోంచి పుస్తకంలోకి పోయింది, పుస్తకంలోంచి జేబులోకి వచ్చింది. ఒకటే అడిగేది, అర్థం చూసినాక ఒక్కసారి కింద వాక్యం కూడా చూడు, ఆ మాట ఎవురి నోట్లో ఎట్లా ఉందో.

జమ్మలమడుగు నుంచి ఒక టీచరమ్మ: మా అవ్వ పోయిన సంవత్సరం చనిపోయింది. ఆమె మాట్లాడే మాటలు ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకున్నా, రెండు వందల దాకా ఉంటాయి. నిఘంటువులో చూస్తే కొన్ని దొరకడం లేదు. ఉదాహరణకు "గెనిమ". గెనిమ మీద నడువు, కయ్యలో దిగొద్దు అనేది. గె తో ఎంత వెతికినా లేదు. నేనే తప్పుగా విన్నానేమో అనిపిస్తాంది. ఇప్పుడు అడుగుదామంటే ఆమె లేదు.

అమ్మా, నువ్వు సరిగ్గానే విన్నావు. గనిమ అని వెతుకు, గ కింద. గట్టు అని అర్థం. మన నోట్లో ఆ అ కాస్తా ఎ అయిపోతుంది, గంప గెంప అయినట్టు. పుస్తకంలో ఉండే గనిమ, మీ అవ్వ చెప్పిన గెనిమ ఒకటే, చీర మార్చుకునింది అంతే. కయ్య కూడా దొరుకుతుంది చూడు, మడి అని. కయ్యం అనే దాంట్లోకి పోవద్దు, అది పోట్లాట, అయితే గెనిమ దగ్గరే ఎక్కువ కయ్యాలు జరుగుతాయనేది వేరే విషయం.

దొరకని మాటలు కూడా కొన్ని ఉండే ఉంటాయి. వాటిని కొట్టేయొద్దు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు మాండలిక వృత్తిపదకోశం అని మొదలుపెట్టి మొదటి సంపుటం వ్యవసాయ పదాలతో 1962లో తెచ్చినారు. దానికోసం మనుషులు జిల్లాజిల్లాకు పోయి, రైతుల దగ్గర కూర్చుని, మడకలో ఈ ముక్కను ఏమంటారు, ఆ తాడును ఏమంటారు అని వేలు పెట్టి చూపించి అడిగి రాసుకున్నారు. రైతు చెప్పిందే ప్రమాణం, పద్యం అడగలే. నువ్వు చేసింది అదే పని, కాకపోతే ఒక్క మనిషి దగ్గర చేసినావు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఒకటుంది, ఆలస్యం చేయొద్దు, మనకే మరుపు వస్తుంది. ప్రతి మాట పక్కన అవ్వ ఏ వాక్యంలో వాడిందో రాయి. గెనిమకు రాసినావు చూడు, అట్లా. ఒట్టి గెనిమ అంటే గట్టు అని రాసి ఉంటే నాకు ఏమీ కనపడేది కాదు, "గెనిమ మీద నడువు, కయ్యలో దిగొద్దు" అనేసరికి ముందు ఒక ముసలామె, వెనక ఒక చిన్న పిల్ల, రెండు పక్కలా నీళ్ళు పెట్టిన వరి కనపడినాయి. ఆమె పుట్టిన ఊరు, మెట్టిన ఊరు కూడా రాయి, రెండిట్లో ఏ ఊరి మాటో తర్వాత తెలుస్తుంది. పలికినట్టే రాయి, దిద్దొద్దు. దిద్దే వాళ్ళం మేం చాలామంది ఉన్నాం.

రాయడం అయినాక ఆ నోటుబుక్కు జిరాక్సు తీసి ఒకటి మాకు పంపు, నెలకు పది మాటలు ఇక్కడ వేద్దాం. అసలుది మాత్రం పంపొద్దు తల్లీ, మా ఆఫీసులో ఎలుకలు ఉండాయి.